ఫ్యూజన్ పోర్‌ని కొలవడానికి దిగితే ఏం జరుగుతుందంటే: నా అనుభవం

వెసికిల్ (కణం లోపల సరుకు నింపుకున్న చిన్న తిత్తి) వచ్చి కణత్వచానికి ఆనుకుంటుంది, రెండు పొరలూ కలుస్తాయి, మధ్యలో చిన్న రంధ్రం పడుతుంది, లోపలి సరుకు బయటికి పోతుంది. పాఠ్యపుస్తకంలో ఇదంతా నాలుగు బొమ్మల్లో అయిపోతుంది. వాటిలో మూడో బొమ్మ, అంటే ఆ రంధ్రం పడే ఘట్టం, నా వంతుకొచ్చింది. మేమందరం దాన్ని ఫ్యూజన్ పోర్ అనే అంటాం. అది ఎంతసేపు సన్నగా ఉంటుంది, ఎప్పుడు వెడల్పవుతుంది, తెరుచుకున్నది మళ్ళీ మూసుకుపోతుందా అనేవి కొలవాలి. గత జూన్‌లో మొదలుపెడితే ఈ ఏప్రిల్‌కి చెప్పుకోదగ్గ డేటా చేతికొచ్చింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎంత టైం పడుతుంది, ఎక్కడ ఏడుపొస్తుంది అని అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేపర్లలో మెథడ్స్ కింద రెండు పేరాల్లో తేల్చేసే విషయాలే ఇందులో ఎక్కువ.

మా పద్ధతి కార్బన్ ఫైబర్ ఆంపెరోమెట్రీ. చుంచెలుక అడ్రినల్ గ్రంథిలోంచి క్రోమాఫిన్ కణాలు తీస్తాం, వాటి వెసికిల్స్ నిండా అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ ఉంటాయి. 700 మిల్లీవోల్టుల దగ్గర ఉంచిన కార్బన్ కొనకి అవి తగిలితే ఒక్కో అణువూ 2 ఎలక్ట్రాన్లు ఇచ్చేసి ఆక్సిడైజ్ అవుతుంది, మనకి కరెంటు కనిపిస్తుంది. ఒక్క వెసికిల్ ఖాళీ అయినా స్క్రీన్ మీద ఒక స్పైక్ వస్తుంది. 1990 ప్రాంతంలో వైట్‌మన్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది. వినడానికి ఎంత సులువుగా ఉందో చూశారుగా.

జూన్, జులై నెలల్లో కణం మొహమే చూడలేదు. జంతువులతో పని కాబట్టి ఎథిక్స్ అనుమతిలో నా పేరు చేరాలి. కమిటీ ఎప్పుడో గానీ కూర్చోదు, పైగా మా ఫైలు ఒక సంతకం తక్కువైందని వెనక్కొచ్చింది. "ఈలోపు ఎలక్ట్రోడ్లు చేయడం నేర్చుకో, అది చేతికి రావడానికే టైం పడుతుంది" అన్నారు సర్. ఏదో నన్ను ఖాళీగా ఉంచకూడదని చెప్పారనుకున్నాను.

కార్బన్ ఫైబర్ పోగు మందం 5 మైక్రాన్లు. కట్టలోంచి ఒక్క పోగు విడదీసి, తెల్ల కాగితం మీద పెట్టి, సన్నటి గాజు గొట్టంలోకి వాక్యూమ్‌తో లాగాలి. అది లోపలికి వెళ్ళిందో గాల్లో కలిసిందో కంటికి ఆనదు. వెళ్ళింది అనుకుంటే గొట్టాన్ని పుల్లర్‌లో బిగించి వేడి చేసి సాగదీస్తే రెండు సూదులవుతాయి, మధ్యలో వేలాడే పోగుని కత్తిరించాలి. తర్వాత కొనను ఎపాక్సీలో (వేడికి గట్టిపడే జిగురు) ముంచాలి, అది గాజుకీ పోగుకీ మధ్య సందులోకి తనంతట తనే పాకుతుంది. రాత్రంతా ఓవెన్‌లో ఉంచి, తెల్లారాక మైక్రోస్కోప్ కింద స్కాల్‌పెల్‌తో కొన కోయాలి, కోత చదునుగా రావాలి. చివరికి డోపమైన్ ద్రావణంలో పెట్టి వోల్టేజి పెంచుతూ దించుతూ పరీక్షిస్తే కరెంటు ఎస్ ఆకారంలో ఎక్కి సమంగా నిలబడాలి. నిలబడకపోతే ఎపాక్సీ ఎక్కడో కారుతోందని అర్థం, ముందురోజు నుంచి పడ్డ శ్రమంతా చెత్తబుట్టలోకి.

మొదట్లో చేసినవాటిలో ముప్పావు వంతు అక్కడికే పోయేవి. పోగు ఖర్చు లెక్కలోది కాదు, గాజూ అంతే. ఖరీదైనది రోజే, ఎందుకంటే ఇవాళ చేసినది బాగుందో లేదో రేపు గానీ తెలియదు. స్కాల్‌పెల్ బ్లేడు కూడా పట్టుమని పది కోతలకి రాదు, మొద్దుబారిన బ్లేడుతో కోస్తే కార్బన్ నలిగి కొన గరుకవుతుంది, గరుకైతే నాయిస్, అంటే అసలు సిగ్నల్‌ని కప్పేసే అనవసరపు కరెంటు. ఏసీ ఆపేయాలి. నోటికి మాస్క్ కట్టుకోవాలి, మన రక్షణ కోసం కాదు, మన ఊపిరికి పోగు ఎగిరిపోకుండా! మాస్క్ సంగతి నాకు ఏ ప్రోటోకాల్‌లోనూ కనబడలేదు. సీనియర్ అక్క మౌనంగా ఒక పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఆగస్టు మొత్తం నాయిస్‌తో గడిచింది. మేం చూడాలనుకునే సిగ్నల్ కొన్ని పికో ఆంప్‌లు, అంటే బేస్‌లైన్ నాయిస్ అర పికో ఆంప్ దగ్గరైనా ఉండాలి. మొదటిరోజు ఆంప్లిఫైయర్ ఆన్ చేస్తే స్క్రీన్ నిండా 50 హెర్ట్జ్ అల, దాని ముందు స్పైక్ వచ్చినా ఆనదు. ఫారడే కేజ్ (బయటి విద్యుత్ అలజడిని అడ్డుకునే లోహపు పెట్టె) ఉంది, తలుపు మూసే ఉంది, అయినా వస్తోంది. అక్క వచ్చి గదిలో ఒక్కొక్క ప్లగ్గూ పీకుతూ, పీకినప్పుడల్లా "ఇప్పుడు?" అని అడుగుతూ పోయింది. ఎల్‌ఈడీ దీపం అడాప్టర్ తీస్తే కొంత తగ్గింది. గ్రౌండ్ తీగలు రెండు చోట్ల కలిపి ఉన్నాయి, వాటిని ఒక్క బిందువుకి తెస్తే ఇంకొంత తగ్గింది. మిగిలినది ఎక్కడి నుంచో చాలా రోజులు తెలియలేదు, తీరా చూస్తే కణాల మీదికి ద్రావణం తెచ్చే సన్న ట్యూబు. లోపల ఉప్పునీరు, అది విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది, పంపు దగ్గర నుంచి కేజ్ లోపలి దాకా అదే యాంటెన్నా అయి కూర్చుంది. మధ్యలో చుక్కలు చుక్కలుగా పడే గది ఒకటి పెట్టి నీటి ధార తెగేలా చేశాం. ఆ క్షణంలో గీత చదునుగా పడుకుంది. ఎవరైనా ఒక గీత చదునుగా ఉన్నందుకు ఇంత సంతోషపడతారా అంటే, పడతారు.

ఆగస్టు చివర అనుమతి వచ్చింది, కణాలు తీయడం మొదలైంది. చుంచెలుక అడ్రినల్ గ్రంథి చాలా చిన్నది, మూత్రపిండం పైన కొవ్వులో దాక్కుని ఉంటుంది. చల్లని ద్రావణంలో పెట్టి, స్టీరియో మైక్రోస్కోప్ కింద పై పొర ఒలిచేసి, లోపలి మెడుల్లా మాత్రం తీసుకోవాలి. తర్వాత 37 డిగ్రీల దగ్గర పపైన్ ఎంజైమ్‌లో అరగంట పైచిలుకు. ఆ అరగంట మీరు బయటికి పోవడానికి లేదు, ఐదు నిమిషాలు ఎక్కువైతే కణాలు పైకి బాగున్నట్టే ఉండి తర్వాత స్పైకులు ఇవ్వవు. పిపెట్‌తో మెల్లగా పైకీ కిందకీ లాగి విడదీయాలి, గట్టిగా లాగితే చస్తాయి, మెత్తగా లాగితే గుంపులుగానే ఉండిపోతాయి. గాజు పలక మీద చుక్కలుగా వేసి, అవి అతుక్కునే దాకా ముప్పావు గంట ఆగి అప్పుడు మీడియం పోయాలి. వాడేది మర్నాటి నుంచి, రెండు మూడు రోజుల్లోపే. అంటే సోమవారం కోస్తే మంగళ, బుధ, గురువారాలే రికార్డింగు. మంగళవారం పొద్దున పంపు చెడిపోతే ఆ వారం పోయినట్టే, జంతువు ప్రాణం కూడా ఊరికే పోయినట్టు. ఆ రెండో సంగతి నన్ను చాలా కాలం కుదిపేసింది, ఇప్పటికీ అలవాటు కాలేదు, కాకూడదనే అనుకుంటాను.

ఆ పపైన్ అరగంటల్లోనే నేను చదువుకున్నది ఎక్కువ. త్వచం ఒక్కోటి 4, 5 నానోమీటర్ల మందం. రెండు త్వచాలు 2, 3 నానోమీటర్ల దూరానికొస్తే వాటి మీదున్న నీటి పొరే అడ్డం పడి నెట్టేస్తుంది, వదిలేస్తే అవి వాటంతట అవి కలవవు. కలపడానికి స్నేర్ ప్రోటీన్లున్నాయి. వెసికిల్ వైపు సినాప్టోబ్రెవిన్, కణత్వచం వైపు సింటాక్సిన్, స్నాప్-25. ఈ మూడూ తాడు పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడుతూ, బయటి కొస నుంచి త్వచం వైపుకి బిగుసుకుంటూ వస్తాయి, ఆ బిగింపుకి రెండు త్వచాలూ దగ్గరకి లాగబడతాయి. 1998లో వాటి స్ఫటిక నిర్మాణం 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో బయటికొచ్చింది, నాలుగు సర్పిలాల కట్ట అది. ముందు ఎదురెదురు పొరలు మాత్రమే కలుస్తాయి, దాన్ని హెమీఫ్యూజన్ అంటారు. అప్పటికి లోపలి నీరూ బయటి నీరూ ఇంకా వేరుగానే ఉంటాయి. ఆ తర్వాత లోపలి పొరలు కూడా కలిసి పోర్ పడుతుంది. మా పద్ధతిలో హెమీఫ్యూజన్ కనబడనే కనబడదు, ఏమీ కారడం లేదు కదా. పోర్ పడ్డాకే మాకు కథ మొదలు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది, లేకపోతే తర్వాత స్పైక్‌ని చూసి స్పైక్‌లో లేని విషయాలు చెప్పబుద్ధేస్తుంది.

సెప్టెంబరులో మొదటి రికార్డింగ్. ఎలక్ట్రోడ్ కొనను కణం మీదికి దించుతూ పోవాలి, కణం అంచు కొంచెం నొక్కుకున్నట్టు కనిపించగానే ఆగాలి. పక్కనుంచి పొటాషియం ఎక్కువున్న ద్రావణాన్ని కొన్ని సెకన్లు ఊదితే కణం డీపోలరైజ్ అయి (త్వచానికి రెండువైపులా ఉన్న వోల్టేజి తేడా తగ్గి), కాల్షియం లోపలికి వచ్చి, వెసికిల్స్ విడుదలవ్వాలి. ఊదాను. ఏమీ లేదు. ఇంకో కణం, మళ్ళీ ఏమీ లేదు. ఎలక్ట్రోడ్‌ని డోపమైన్‌లో పెట్టి చూస్తే బాగానే ఉంది. సాయంత్రానికి ఒకటి వచ్చింది, నిటారుగా, ఎంతో అందంగా. కుర్చీలోంచి లేచిపోయాను.

"అక్కా, స్పైక్ వచ్చింది!"

అక్క వచ్చి చూసి, "కాదమ్మా, లిఫ్ట్ కదిలింది" అంది. నిజమే. లిఫ్ట్ కదిలినప్పుడల్లా వస్తోంది. అసలు స్పైక్ ఎక్కడం నిటారుగా ఉన్నా దిగడం వాలుగా ఉంటుంది, ఇది రెండువైపులా నిటారే.

అందుకని మా రికార్డింగులు రాత్రికి మారాయి. రాత్రి తొమ్మిది దాటాక బిల్డింగ్ నిద్రపోతుంది, లిఫ్ట్ ఆగుతుంది, పక్క ల్యాబ్ సెంట్రిఫ్యూజ్ ఆగుతుంది. అలాంటి ఒక రాత్రి ఊదిన రెండో సెకనులో వరుసగా మొదలయ్యాయి. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి, తర్వాత గుంపుగా. చేతులు వణికాయి, ఎలక్ట్రోడ్‌ని కదిలించే మానిప్యులేటర్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి స్పైక్ కింద వైశాల్యం లెక్క కడితే 1 పికో కూలంబ్‌లో మూడో వంతు వచ్చింది. 1 పికో కూలంబ్ అంటే, అణువుకి 2 ఎలక్ట్రాన్ల చొప్పున, దాదాపు 31 లక్షల అణువులు. అంటే నా ముందు పది లక్షల అణువులు ఒక్క వెసికిల్‌లోంచి కొన్ని మిల్లీసెకన్లలో బయటపడ్డాయి. గ్లోవ్స్ డబ్బా మీద పెన్సిల్‌తో వేసిన ఆ లెక్క అట్టముక్క కత్తిరించి దాచుకున్నాను.

స్పైక్ వెసికిల్ ఖాళీ అయ్యే ఘట్టం. పోర్ గురించి చెప్పేది స్పైక్‌కి ముందుండే చిన్న మెట్టు, దాన్ని ఫుట్ అంటారు. 1992లో చౌ, ఫాన్ రూడెన్, నెహెర్ నేచర్ పత్రికలో రాసినది దీని గురించే. జూమ్ చేసి చూస్తే ఇలా ఉంటుంది: గీత చదునుగా వస్తూ వస్తూ ఒక్కసారి 3, 4 పికో ఆంప్‌లు లేస్తుంది. అక్కడే ఆరేడు మిల్లీసెకన్లు సన్నగా వణుకుతూ నిలబడుతుంది. ఒక్కోసారి మధ్యలో కొంచెం కిందికి జారి మళ్ళీ లేస్తుంది. తర్వాత ఉన్నట్టుండి నిలువునా స్పైక్. ఆ నిలబడ్డంతసేపూ పోర్ సన్నగా తెరుచుకుని ఉంది, అందులోంచి అడ్రినలిన్ కొద్దికొద్దిగా కారుతోంది. అడ్రినలిన్ అణువు ఒక నానోమీటరు కూడా ఉండదు కాబట్టి దూరగలదు. దాన్ని లోపల పట్టి ఉంచే క్రోమోగ్రానిన్ ప్రోటీన్లు మాత్రం ఆ సందులోంచి రాలేవు. పోర్ వెడల్పయ్యాకే లోపలి ముద్ద ఉబ్బి విడిపోతుంది, స్పైక్ అప్పుడొస్తుంది.

నాకు ఇందులో ఆశ్చర్యం అనిపించింది ఆ తటపటాయింపు. బొమ్మల్లో చూసి చూసి, రంధ్రం పడటమంటే పడిపోవడమే అనుకుంటాం. కానీ అది తెరుచుకుని నిలబడుతుంది, వణుకుతుంది. కొన్నిసార్లు ఫుట్ ఒక్కటే వచ్చి స్పైక్ రాదు, అంటే తెరుచుకున్నది మళ్ళీ మూసుకుపోయినట్టుంది.

అయితే ఆ 3 పికో ఆంప్‌ల మెట్టు నిజమైనదా, మన చేతి పనా అన్నది తేల్చుకోవడానికి అక్టోబరు పట్టింది. మొదటి సంగతి దూరం. అణువులు వ్యాపనంతో 1 మైక్రాన్ దాటడానికి సుమారు 1 మిల్లీసెకను, 5 మైక్రాన్లకైతే 20 మిల్లీసెకన్లు దాటుతుంది. కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది కదా. ఎలక్ట్రోడ్ కణానికి ఆనకుండా కొంచెం పైన ఉంటే ఫుట్ అంతా స్పైక్‌లో కలిసి మసకబారిపోతుంది, "ఈ కణంలో ఫుట్‌లు లేవు" అని రాసేసుకుంటాం. రెండోది ఫిల్టర్. 100 హెర్ట్జ్‌కి తగ్గిస్తే గీత ముచ్చటగా నున్నగా వస్తుంది, అందరికీ చూపించాలనిపిస్తుంది, ఫుట్‌లు మాత్రం ఉండవు. మేం 1 కిలోహెర్ట్జ్ కిందికి పోకూడదని రాసి అతికించుకున్నాం. మూడోది మురికి. ఆక్సిడైజ్ అయిన పదార్థం కార్బన్ మీద పొరగా పేరుకుంటుంది, కొన్ని కణాలు అయ్యేసరికి స్పైకులు పొట్టిగా, లావుగా మారతాయి. పొద్దున కంట్రోల్ కణాలు (ఏ మార్పూ చేయనివి), సాయంత్రం మార్పు చేసిన కణాలు అని పెట్టుకుంటే సాయంత్రం తేడా కనబడి తీరుతుంది, అది ఎలక్ట్రోడ్ వయసు తేడా! అందుకే అటొకటి ఇటొకటి మార్చి మార్చి చేస్తాం, ఏ పలక ఏదో అక్క చీటీలు కప్పేసి ఇస్తుంది.

కాల్షియం లేని ద్రావణంతో కంట్రోల్ చేసిన రాత్రి గురించి చెప్పాలి. ఊదడం, చదును గీత, ఊదడం, చదును గీత. ఏమీ రాకూడదని కోరుకుంటూ అంతసేపు మెలకువగా ఉండటం విచిత్రంగా ఉంటుంది. ధనుర్వాతం టాక్సిన్ తేలిక గొలుసుని కణాల్లోకి పంపినప్పుడు కూడా దాదాపు అంతే, అది సినాప్టోబ్రెవిన్‌ని కత్తిరించేస్తుంది, తాడులో ఒక పోగు తెగితే బిగింపు లేదు. బొటులినమ్ టాక్సిన్ టైప్-ఎ అయితే స్నాప్-25 ని కోస్తుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివినది కళ్ళముందు కణం మీద కణంగా చదును గీత అయి నిలబడితే నమ్మకం వేరుగా ఉంటుంది.

నవంబరు నుంచి కెపాసిటెన్స్, అంటే త్వచం విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం. ఇది ఇంకో లోకం. త్వచం వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, చదరపు సెంటీమీటరుకి సుమారు 1 మైక్రోఫారడ్, అంటే చదరపు మైక్రాన్‌కి 10 ఫెమ్టోఫారడ్‌లు. 200 నానోమీటర్ల వెసికిల్ ఒకటి కలిస్తే దాదాపు 1.3 ఫెమ్టోఫారడ్‌లు పెరగాలి. కణం మొత్తానికి ఉండేది కొన్ని వేల ఫెమ్టోఫారడ్‌లు, దానిలో ఈ ఒక్కటి ఎక్కడ కనబడుతుంది? అందుకని కణం మొత్తాన్ని కాకుండా పిపెట్ కొన కింద ఉన్న చిన్న ముక్కను మాత్రమే కొలుస్తాం. నెహెర్, మార్టీ 1982లో దారి చూపించారు.

ఆ ముక్కకీ గాజుకీ మధ్య గిగా ఓమ్‌ల సీల్ పడాలి, అంటే కరెంటు పక్కనుంచి కారనంత గట్టి అతుకు. నోటితో సన్నగా పీల్చాలి, ట్యూబు నోట్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి స్క్రీన్ వైపు చూస్తుంటే రెసిస్టెన్స్ ఎక్కుతుంది, వంద మెగా ఓమ్‌లు, మూడు వందలు, అక్కడ ఆగిపోతుంది. కొంచెం గట్టిగా పీలిస్తే పుటుక్కుమంటుంది. ఒక్కో పిపెట్‌కీ ఒక్కటే అవకాశం, ఒకసారి త్వచానికి తగిలిన కొన మళ్ళీ పనికిరాదు. నాయిస్ తగ్గడానికి ప్రతి పిపెట్‌కీ సిల్‌గార్డ్ అనే సిలికోన్ పూత పూసి వేడితో గట్టిపరచాలి, అదీ ఆ రోజే చేసుకోవాలి. నవంబరు, డిసెంబరు రెండు నెలలూ తల ప్రాణం తోకకొచ్చింది. సీల్ పడని రోజుల్లో కారణం వెతకడం వృథా, ద్రావణం ఫిల్టర్ చేశానా, పిపెట్లు ఇవాళ్టివేనా, ఈ రెండూ చూసుకుని ఇంకో పలక తీసుకోవడమే. "ఇవాళ సీల్ పడట్లేదంటే పడట్లేదు, ఇంటికెళ్ళు" అని అక్క నన్ను బయటికి తోసిన రాత్రులున్నాయి.

జనవరిలో పడ్డాయి. ఎందుకు పడ్డాయో కూడా తెలియదు, చేతికి ఏదో అలవాటైంది. కెపాసిటెన్స్ గీత ఒక మెట్టెక్కి అక్కడే ఉండిపోతుంది, అది పూర్తి ఫ్యూజన్. కొన్ని మాత్రం ఎక్కి, అర సెకను ఉండి, ఎక్కినంతా దిగిపోతాయి. అంటే వెసికిల్ కలిసింది, తెరుచుకుంది, మూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. మొదటిసారి అది చూసినప్పుడు నేను మాట్లాడలేదు, లిఫ్ట్ ఎక్కడుందో కనుక్కుని వచ్చాను.

అలా ఎక్కి దిగే వాటిలో పోర్ సన్నగా ఉన్నప్పుడు కెపాసిటెన్స్ గీతతో పాటు నడిచే రెండో గీతలో కూడా చిన్న గుబ్బ వస్తుంది, దాన్నుంచి పోర్ కండక్టెన్స్ (అందులోంచి కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్పే కొలత) లెక్కించొచ్చు. నాకు వచ్చిన వాటిలో ఎక్కువ 200, 300 పికోసీమెన్స్ ప్రాంతంలో పడ్డాయి. దీన్ని కొలతలోకి మార్చడం చాలా తేలిక. 2 నానోమీటర్ల వ్యాసం, 10 నానోమీటర్ల పొడవున్న గొట్టంలో ఉప్పునీరు నింపితే దాదాపు 300 పికోసీమెన్స్ వస్తుంది. పొడవు 10 ఎందుకంటే రెండు త్వచాల మందం అంత. 1987లో బ్రెకెన్‌రిడ్జ్, ఆల్మర్స్ బేజ్ అనే రకం చుంచెలుకల మాస్ట్ కణాల్లో, వాటిలో గ్రాన్యూల్స్ మరీ పెద్దవి కాబట్టి, మొదటి క్షణంలో కొలిచినది 230 పికోసీమెన్స్. వేరే కణం, వేరే కాలం, నా గీతా అక్కడికే వచ్చి కూర్చుంది. ఆ రోజు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, ఆ గొట్టం గోడ దేనితో కట్టి ఉంది, ప్రోటీన్లతోనా కొవ్వుతోనా? 2004లో జాక్సన్ బృందం సింటాక్సిన్ త్వచంలో ఉండే భాగంలో ఒక్కో అమైనో ఆమ్లాన్నీ పెద్దవాటితో మార్చి చూస్తే, కొన్ని చోట్ల ఫుట్ ఎత్తు తగ్గింది, అంటే ఆ చోట్లు పోర్ లోపలికి తొంగిచూస్తున్నాయన్నమాట. అలాగని అయాన్ ఛానెల్‌కున్నట్టు పూర్తి ప్రోటీన్ గోడ అనుకుంటే తర్వాత అది వెసికిల్ అంత వెడల్పుకి ఎలా సాగుతుందో చెప్పడం కష్టం, కొవ్వు కలవాల్సిందే. నా మట్టుకు నాకు రెండూ కలిసిన గోడే సబబుగా తోస్తుంది. పోర్ తెరవడం ఒక పని, తెరిచి ఉంచడం ఇంకో పని అని చూపించిన 2012 సైన్స్ పత్రిక పేపర్ ఒకటుంది. నానోడిస్కులతో (త్వచపు అతిచిన్న బిళ్ళలు) చేశారు, కలవడానికి ఒక్క స్నేర్ కట్ట చాలు, పోర్ తెరుచుకుని ఉండాలంటే మూడు కావాలి అని. 2010లో క్రోమాఫిన్ కణాల్లోనే వేగంగా ఫ్యూజన్ జరగాలంటే కనీసం మూడు కట్టలు కావాలన్నారు. నా తటపటాయించే ఫుట్‌లని చూశాక ఆ పేపర్లు మళ్ళీ చదివితే వేరేగా చదువుకున్నాను. సినాప్టోబ్రెవిన్ తగ్గిస్తే ఫుట్ ఎంతసేపు నిలబడుతుందన్నదే మా ప్రశ్న. రిజల్టు ఇక్కడ రాయను, పేపరు ఇంకా పడలేదు.

ఫిబ్రవరి, మార్చి అంతా ఎనాలిసిస్. స్పైకులు వెతికే ప్రోగ్రాములున్నాయి, స్పైకుల వరకు పర్వాలేదు, ఫుట్ ఎక్కడ మొదలైందో మాత్రం కన్నే చెప్పాలి. బేస్‌లైన్ నాయిస్‌కి మూడు రెట్లు దాటి నిలబడితేనే ఫుట్ అని నియమం పెట్టుకున్నాం, ఆ నియమం డేటా చూడకముందే రాసి సర్‌కి మెయిల్ చేశాను. అక్క చీటీలు విప్పకుండానే లెక్క పూర్తి చేయాలి. ఒకదాని మీద ఒకటి పడ్డ స్పైకులు తీసేయాలి, మరీ పొట్టివి తీసేయాలి, ఎందుకంటే అవి ఎలక్ట్రోడ్ కింద కాకుండా పక్కన జరిగినవి. తీసేయగా సగం కూడా మిగల్లేదు. ఒక్కో కణాన్నీ ఒక్క సంఖ్యగా తీసుకోవాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒకే కణం వంద స్పైకులిస్తే అవి వంద ప్రయోగాలు కావు, అలా వేస్తే ఏదైనా సిగ్నిఫికెంట్ అయిపోతుంది.

ఏప్రిల్‌లో నా పనిని సమీక్షించే కమిటీ ముందు చూపించాను. టెన్షన్‌తో ముందురోజు నిద్రలేదు. ఊహించిన ప్రశ్నలేవీ రాలేదు. చివర్లో కూర్చున్న మేడమ్ ఒకరు, "ఆ మెట్టు చిన్న వెసికిల్ ఒకటి ముందు విడుదలై, వెంటనే పెద్దది విడుదలైందేమో, ఒకే వెసికిల్ పోర్ అని మీకెలా తెలుసు?" అన్నారు. దీనికి ఆంపెరోమెట్రీ ఒక్కటే ఉంటే పూర్తి జవాబు లేదు. 1997లో అల్బిలోస్ వాళ్ళు రెండు పద్ధతుల్నీ కలిపేశారు, ప్యాచ్ పిపెట్ లోపలే కార్బన్ ఫైబర్ పెట్టి, ఒకే వెసికిల్ కెపాసిటెన్స్ మెట్టూ దాని కరెంటూ ఒకేసారి చూశారు. ఫుట్ మొదలైనప్పుడే ఆ ఒక్క వెసికిల్ త్వచం కలవడం, పోర్ సన్నగా ఉన్నంతసేపే ఫుట్ ఉండటం వాళ్ళకి కనబడింది. అదే చెప్పాను. "వాళ్ళ కణాల్లో సరే, మరి మీ కణాల్లో?" అన్నారు.

సరైన ప్రశ్నే. సర్ బయటికి రాగానే నవ్వి, "అయితే ప్యాచ్ ఆంపెరోమెట్రీ కూడా నేర్చుకో" అన్నారు. పిపెట్ లోపలికి ఫైబర్‌ని దూర్చి, నోటితో పీల్చే దారి మూసుకుపోకుండా పట్టుకునే హోల్డర్ ప్రత్యేకంగా చేయించుకోవాలి. డ్రాయింగ్ పంపాం. ఎనిమిది వారాలు పడుతుందట, ఈలోపు పిపెట్ కొనకి సరిపోయేలా ఎలక్ట్రోడ్లని ఇంకా సన్నగా కోయడం ప్రాక్టీస్ చేస్తున్నాను.